నందోలో అంటే మన కందులే: మలావీలో తొమ్మిది రోజులు

మొదటి రోజు, 2025 ఆగస్టు 13

మలావీ పోతున్నానంటే మా ఆఫీసులో ఇద్దరు మాల్దీవులనుకున్నారు, ఒకాయనైతే "బీచ్ ఫొటోలు పెట్టండి మేడం" అన్నాడు. బీచ్ కాదు కదా, ఆ దేశానికి సముద్రమే లేదు. ఆఫ్రికాకి ఆగ్నేయం వైపు సన్నగా పొడుగ్గా ఉంటుంది, పక్కన అంతే పొడుగ్గా ఒక పెద్ద సరస్సు, కింది సగాన్ని మూడు వైపులా మొజాంబిక్ చుట్టుకుని ఉంటుంది.

నేను తాండూరు దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పనిచేస్తాను. నాయనకి నాలుగెకరాల నల్లరేగడి ఉంది, కంది తప్ప ఇంకోటి వేయడు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు వీధిలో స్వీట్లు పంచిన మనిషి. మా అన్నేమో ఆరేళ్ళుగా మలావీలోని లింబేలో ఒక పప్పు మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. అంటే మా ఇంట్లోనే ఒకరు కంది పండిస్తారు, ఇంకొకరు బయటి కంది మన దేశానికి ఓడెక్కిస్తారు. పండక్కి అన్న ఫోన్ చేసినప్పుడల్లా నాయన అనే మాట ఒక్కటే: "మా ధర పడగొట్టేది మీ ఆఫ్రికా కందులే గదరా." నవ్వుతూనే అంటాడు గానీ అందులో నవ్వు సగమే. ఆ సగం కోపం నాకూ ఉంది, దాన్ని మోసుకునే వచ్చానని ముందే చెప్పడానికి ఇది రాస్తున్నా.

అడిస్ అబాబా మీదుగా రాజధాని లిలోంగ్వేలో దిగేసరికి మధ్యాహ్నమైంది. అన్న మిల్లు పని మీద ఊళ్ళోనే ఉన్నాడు, కారు తెచ్చాడు. ఆగస్టంటే వాళ్ళకి చలి వెనకబడే కాలం, వాన మళ్ళీ నవంబర్లోనే. సెప్టెంబర్ 16న ఎన్నికలట, దారి పొడవునా పోస్టర్లు. ఒక పెద్ద పార్టీ గుర్తు నల్ల కోడిపుంజు, ఇంకో పెద్ద పార్టీ గుర్తు మొక్కజొన్న కంకులు. "ఏది గెలిచినా పళ్ళెంలోకే చెల్లె" అన్నాడు అన్న. తర్వాత పెట్రోలు బంకు ముందు గంటన్నర లైన్లో నిలబడ్డాం, డాలర్ల కొరతతో ఇంధనం సరిగ్గా రావట్లేదట, లైన్లో ఎవరూ చిరాకు పడకపోవడం చూస్తే నాకే చిరాకేసింది.

రాత్రి మొదటిసారి న్సిమా తిన్నాను. తెల్లటి మొక్కజొన్న పిండితో చేసిన గట్టి సంకటి అనుకోండి. చేత్తో చిన్న ముద్ద తీసి, బొటనవేలితో గుంట చేసి, దాంతో కూర అద్దుకుని తినాలి. రాగిసంకటి తిన్న చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. "చిమంగా న్ది మోయో" అంటారట ఇక్కడ, మొక్కజొన్నే ప్రాణం అని. ప్రాణమంతా ఒక్క పంట మీద పెట్టుకుంటే ఏమవుతుందో తర్వాత రోజుల్లో అర్థమైంది.

రెండో రోజు, ఆగస్టు 14

ఊరికి పడమర మ్చింజీ రోడ్డు మీద చిటెడ్జె పరిశోధనా కేంద్రం. గేటు దాటగానే ఇక్రిశాట్ బోర్డు కనపడితే పటాన్‌చెరు గుర్తొచ్చి ఊరికే సంతోషమేసింది. మన పటాన్‌చెరులో 1972లో పెట్టిన పంటల పరిశోధన సంస్థే, ఇక్కడ వేరుశనగ పని 1982 నుంచి చేస్తోంది. 1990లో విడుదలైన సీజీ7 అనే రకం ఇప్పటికీ ఈ చుట్టుపక్కల రైతుల నోట్లో ఉంది. మలావీ సొంత విత్తన నిధి కూడా ఇదే ఆవరణలో.

ఇక్కడ ఎక్కువసేపు విన్నది బూజు విషం గురించి, అఫ్లాటాక్సిన్. కాయ తొక్క గట్టిగా ఉంటే చేత్తో వొలవలేక వేళ్ళు పుండ్లు పడతాయి కాబట్టి ఆడవాళ్ళు కాయల్ని నీళ్ళలో తడిపి వొలుస్తారు, ఆ తడికి బూజు పడుతుంది, బూజుతో విషం, దాంతో బయటి దేశాలకి అమ్మకం పోతుంది. అమ్ముడుపోని గింజ ఎక్కడికి పోతుంది? ఇంట్లో పిల్లల గంజిలోకి. ఒక చిన్న చేతి మిషన్ ఉంటే తడపాల్సిన పనే ఉండదు. కొత్త వంగడాల గురించి గంట చెప్పిన సైంటిస్టు, ఈ వొలిచే మిషన్ దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో ముగించాడు. మన దగ్గరా ఇంతే, విత్తనం మీద ఉన్న మోజు కల్లం మీద ఉండదు.

కంది రకాలూ చూపించారు. ఒకదాని పేరు మ్వాయివతు అలిమి. "మన రైతుల అదృష్టం" అని అర్థమట. గింజ లేత గోధుమ రంగులో, మన దానికంటే లావుగా ఉంది. నాయనకి చూపిద్దామని నాలుగు గింజలు అడిగాను. ఆయన మర్యాదగానే, గట్టిగానే చెప్పాడు, పరీక్ష చేసిన సర్టిఫికెట్ లేకుండా ఒక్క గింజ కూడా దేశం దాటకూడదని. నిజమే. కత్తెర పురుగు అమెరికా నుంచి 2016లో ఆఫ్రికాకి వచ్చి, 2018లో కర్ణాటకలో తేలి, అదే ఏడాది మన మొక్కజొన్నలోకి దూరింది కదా. నాలుగు గింజలు అక్కడే డబ్బాలో వేసి వచ్చాను.

మూడో రోజు, ఆగస్టు 15

జెండా పండుగ రోజున నేను తిన్న మొదటి తినుబండారం గురించి చెప్తే అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. కాబట్టి తినలేదని చెప్తున్నాను.

లిలోంగ్వే నుంచి ఎం1 రోడ్డు మీద దక్షిణానికి. డెడ్జా దగ్గర ఎత్తు ప్రాంతం, చలి గట్టిగా ఉంది, రోడ్డు పక్కన బకెట్లలో గుట్టగా పేర్చిన ఆలుగడ్డలు. అక్కడి నుంచి కొంత దూరం రోడ్డే సరిహద్దు, కుడి పక్క ఇళ్ళన్నీ మొజాంబిక్‌వి. పిల్లలు మొజాంబిక్ నుంచి పరుగెత్తుకొచ్చి మలావీలో క్యారెట్లు అమ్ముతున్నారు, ఏ పాస్‌పోర్టూ లేకుండా. న్చేవు దాటాక కుర్రాళ్ళు కర్రలకి వరసగా గుచ్చినవేవో ఊపుతూ కార్లకి అడ్డం వస్తున్నారు. ఎండుచేపలనుకున్నా. ఎలుకలు. ఉడకబెట్టి, ఉప్పేసి ఎండబెట్టిన పొలం ఎలుకలు, మొక్కజొన్న కోతలయ్యాక బొరియలు తవ్వి పడతారు. నవ్వకండి, మన దగ్గరా పొలంలో ఎలుకలు పట్టుకుని తినే వాళ్ళున్నారు, మనం పక్కకి చూసి పోతాం అంతే.

మాతో వచ్చిన వ్యవసాయ సలహాదారుని ఇక్కడ మ్లంగిజి అంటారు, మన వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) లాంటి ఉద్యోగం. దారిలో ఒక పొలం దగ్గర కారాపించాడు. చుట్టూ కోసేసిన మొక్కజొన్న మోళ్ళు, ఎర్రమట్టి, పచ్చగా ఏదీ లేదు. మధ్యలో మాత్రం తుమ్మ చెట్టు చుట్టంలా ఒక పెద్ద చెట్టు ఆకులతో నిండుగా నిలబడి ఉంది. మ్సాంగు అంటారు. ఈ చెట్టు లోకానికి ఎదురు. ఎండాకాలంలో చిగురిస్తుంది, వానలు మొదలవగానే ఆకు రాల్చేస్తుంది. అందువల్ల పైరు పెరిగేటప్పుడు నీడ పడదు, రాలిన ఆకు ఎరువవుతుంది, ఎండల్లో పశువులకి కాయ దొరుకుతుంది. చెట్టు కింద మట్టి చేతిలోకి తీసుకుంటే కాస్త నల్లగా, వదులుగా వచ్చింది, పది అడుగులు పక్కకి పోయి తీస్తే ఇటుక పొడి. "ఇది నాటితే నీకు కాదు, నీ మనవడికి ఉపయోగం. అందుకే ఎవరూ నాటరు, మొలిచినదాన్ని కొట్టకుండా ఉంటే చాలని మేం బతిమాలుతాం" అన్నాడు.

ఇంతదూరం వచ్చాం, కంది ఒక్క చెట్టు కనపడదేం అనడిగాను. ఆయన మేకల మంద వైపు చూపించాడు. ఇక్కడ మొక్కజొన్న కోత ఏప్రిల్, మేలో అయిపోతుంది, అవ్వగానే పశువుల్ని ఊరంతా వదిలేస్తారు. కంది అప్పటికింకా పూతకి కూడా రాదు. పొలం మొత్తంలో పచ్చగా మిగిలేది అదొక్కటే, మేకలు దాన్ని వదులుతాయా? దక్షిణాన మందలు తక్కువ, ఊరి కట్టుబాటు ఎక్కువ, అందుకే కంది అంతా అక్కడే. ఎన్ని ప్రాజెక్టులు వచ్చి ఎన్ని విత్తనాలు పంచినా మేక ముందర నిలబడలేదట.

నాలుగో రోజు, ఆగస్టు 16

జోంబా. 1975 దాకా ఇదే రాజధాని, కొండ కింద చల్లటి పాత ఊరు. ఊరి బయట మకోకాలో 1990ల మొదటి నుంచి మొక్కజొన్నలో గ్లైరిసిడియా వేసి చూస్తున్న పొలాలున్నాయి. మన దగ్గర గట్ల మీద వేసే గిరిపుష్పమే. ఇక్కడ గట్టు మీద కాదు, పొలంలోనే వరసలు పెట్టి, ఏడాదికి రెండు మూడుసార్లు మోకాలి కిందికి నరికి, ఆ ఆకుని బోదెల్లో పూడ్చి పైన మొక్కజొన్న వేస్తారు. రసాయన ఎరువు కొనలేని ఏడాది కూడా పంట చేతికొస్తుంది. ఇన్నేళ్ళయినా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎందుకు చేయట్లేదంటే, నరకడం, పూడ్చడం అంతా మనుషుల చేతులే చేయాలి. ఇక్కడ ఎద్దులతో దున్నడం అరుదు. ఖాసు అనే చేతిపారతో మొత్తం పొలం బోదెలు పోస్తారు. ఒక ముసలామె పోస్తుంటే అడిగి తీసుకుని నేనూ ప్రయత్నించా. ఎనిమిదో దెబ్బకి అరచెయ్యి బొబ్బెక్కింది, ఆమె నా చెయ్యి చూసి జాలిపడి ఖాసు లాక్కుంది.

మధ్యాహ్నం ఒక ఇంటి వెనక మ్బేయా ఎరువు చేస్తుంటే కూర్చున్నాను. 20 కిలోల మొక్కజొన్న తవుడు, 20 కిలోల మేక పేడ, 10 కిలోల బూడిద, 10 కిలోల రసాయన ఎరువు, 5 లీటర్ల నీళ్ళు. కలిపి, గాలి పోకుండా ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి 21 రోజులు ఉంచాలి. ఒక బస్తా ఎరువుతో ఇలాంటివి ఐదు అవుతాయి. మన జీవామృతం వాళ్ళు చూస్తే ఆ 10 కిలోల దగ్గర ముఖం చిట్లిస్తారు. నాకైతే చిట్లించబుద్ధి కాలేదు. 2005లో కరువు తర్వాత ఇక్కడి ప్రభుత్వం కూపన్ల మీద ఎరువు, విత్తనం సబ్సిడీకి ఇవ్వడం మొదలుపెట్టింది, దిగుబడి పెరిగింది, ప్రపంచమంతా పొగిడింది, ఖజానా మాత్రం ఆ బరువుకి వంగిపోయింది. 2020లో పథకం పేరు మారింది. సబ్సిడీ ఏ ఏడాది అందుతుందో, ఏ ఏడాది జాబితాలో పేరు ఎగిరిపోతుందో ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఒక బస్తాని ఐదు చేసుకునే మనిషికి మనం సిద్ధాంతం చెప్పకూడదు.

ఇంకో చిన్న సంగతి. పేడకి బదులు ఏం వాడొచ్చని నేనడిగితే ఇంటామె మ్లంగిజి వైపు కాకుండా నా వైపే తిరిగి చెప్పింది. చిచేవా భాషలో పెద్దవాళ్ళని, కొత్తవాళ్ళని బహువచనంలోనే పలకరిస్తారు, మన "మీరు" లాగా. పెళ్ళయిన ఏ ఆడమనిషైనా "అమాయి", అంటే అమ్మగారు. అన్న నన్ను పరిచయం చేస్తూ పెళ్ళి కాలేదని చెప్పడంతో కాసేపు నన్నేమని పిలవాలో వాళ్ళకి తోచలేదు. చివరికి అమాయికే ఖాయం చేశారు.

ఐదో రోజు, ఆగస్టు 17

ఆదివారం. ఊరంతా చర్చిలో. నాకు పొద్దున్నుంచి కడుపు బాగాలేదు, కారణం నేనే, రోడ్డు పక్కన కొన్న తోబ్వా రెండు గ్లాసులు తాగాను. మొక్కజొన్న, రాగి మొలకల పిండితో చేసే తియ్యటి గంజి, రుచికి లొంగిపోయా. పడుకుని అన్నతో కబుర్లు. రాగిని ఇక్కడ మవెరె అంటారట, జొన్నని మపీరా. మొక్కజొన్న పోర్చుగీసు వాళ్ళ వెంట అమెరికా నుంచి వచ్చింది, అంతకు ముందు వీళ్ళ ముద్ద ఈ రెండే. రాగి, జొన్న పుట్టింది ఈ ఖండంలోనే, వేల ఏళ్ళ కింద మన దగ్గరికి వచ్చాయి. కంది మన దగ్గర పుట్టి ఇటు వచ్చింది. "బాకీ చెల్లు" అన్నాడు అన్న.

ఆరో రోజు, ఆగస్టు 18

ఫలోంబే. ఎక్కడ నిలబడినా వెనక ములాంజే కొండ, 3,002 మీటర్లు, బండరాయి గోడలా. ఆ కొండ మీద నుంచే 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను నీళ్ళు దిగాయి. ఆస్ట్రేలియా పక్కన పుట్టి, హిందూ మహాసముద్రం మొత్తం దాటి, 36 రోజులు బతికిన తుఫాను అది. మొజాంబిక్‌ని ఒకసారి కొట్టి సముద్రంలోకి పోయి మళ్ళీ తిరిగొచ్చింది. ఈ దక్షిణ జిల్లాల్లో ఆరు నెలల్లో పడాల్సిన వాన ఆరు రోజుల్లో పడిందంటారు, మలావీలో ఆరువందల మందికి పైగా చనిపోయారు, అయిదువందలకి పైగా జాడ తెలియలేదు. ఆ తర్వాతి పంట కాలానికి ఎల్ నినో కరువు, 2024 మార్చిలో 28 జిల్లాల్లో 23ని విపత్తు జిల్లాలుగా ప్రకటించారు. ఒక ఏడాది నీళ్ళలో కొట్టుకుపోయి, ఇంకో ఏడాది నీళ్ళు లేక ఎండిపోయిన పొలం అది.

మేం వెళ్ళిన ఊళ్ళో ఒక వాగు పాత దారి వదిలేసి పొలాల మధ్య నుంచి పోతోంది. దాని ఒడ్డున మనిషెత్తు బండలు. ఆ బండలున్న చోట ఇళ్ళుండేవట. ఎక్కువ అడగలేదు.

ఇప్పుడు వాలుకి అడ్డంగా మట్టి కట్టలు వేసి వాటి మీద వట్టివేరు నాటారు. వెటివర్ అని ప్రపంచమంతా పిలిచే మాట మన దక్షిణాదిదే కదా, అది చెప్తే మ్లంగిజి నోట్సులో రాసుకున్నాడు. బోదెల మధ్య అక్కడక్కడా అడ్డకట్టలు వేసి చిన్న చిన్న డబ్బాల్లా చేశారు, పడ్డ నీళ్ళు పరుగెత్తకుండా అక్కడే ఇంకడానికి. ఎక్కువైతే కొట్టుకుపోకుండా, తక్కువైతే చేజారకుండా, రెండింటికీ అదే కట్ట.

మధ్యలో నా కంది! నిజంగా అలాగే అరిచాను. తలని మించిన ఎత్తు, ఎండిన కాయలు గలగలమంటున్నాయి. నవంబర్, డిసెంబర్‌లో మొదటి వానకి మొక్కజొన్నతో పాటే వేస్తారు. కంది మొదట్లో బద్ధకంగా పెరుగుతుంది, మొక్కజొన్నతో పోటీకి పోదు. ఏప్రిల్‌లో అది కోసేశాక చేను మొత్తం దీనిదే, లోతుకి దిగిన వేరుతో మిగిలిన తేమ తాగి జూలై, ఆగస్టుల్లో కాపు. మా తాత జొన్న చేలో సాళ్ళు వదిలి కంది వేసేవాడని నాయన చెప్తుంటాడు. ఇప్పుడు మా ఊళ్ళో జొన్న లేదు, కంది ఒక్కటే లేకపోతే పత్తి ఒక్కటే.

కల్లం అంటూ వేరే లేదు, ఇంటి ముందు టార్పాలిన్ మీద కాయ పోసి నలుగురు ఆడవాళ్ళు కర్రలతో కొడుతున్నారు. కొట్టిన దాన్ని లిచేరోలో, అంటే చాటలో, చెరుగుతున్నారు. మన చాటకి ఒక వైపు తెరిచి ఉంటుంది, వీళ్ళది గుండ్రంగా పళ్ళెంలా ఉంది. ఒకామె చాట నాకిచ్చి నవ్వుతూ నిలబడింది, చేతకాదని ఆమె నమ్మకం. మొదటి రెండుసార్లు గింజ, పొట్టు కలిసి నేల మీదికి పోయాయి. మూడోసారి మణికట్టు తనంతట తనే తిరిగింది, అమ్మ చేత చిన్నప్పుడు తిన్న తిట్లు ఊరికే పోలేదు, పొట్టు ముందుకి లేచి గింజ వెనక్కి జారింది. వాళ్ళు నాలుక ఆడిస్తూ లులులులు అని అరిచిన అరుపుకి కోళ్ళన్నీ పారిపోయాయి. తర్వాత గంటసేపు నా చేతిలోంచి చాట ఎవరూ తీసుకోలేదు, నేనూ ఇవ్వలేదు.

ఒక కాయ విప్పి చూశాను. ఏడు గింజలు. ఫొటో తీసుకున్నా. గింజకి అనుమతి కావాలి గానీ ఫొటోకి అక్కర్లేదు కదా.

ఏడో రోజు, ఆగస్టు 19

అదే ఊరు. పొద్దున చెట్టు కింద బాంకి మ్‌ఖోండె సమావేశం. ఆ మాటకి వరండా బ్యాంకు అని అర్థం. మన పొదుపు సంఘమే, పాతికమంది, ఒక ఇనప పెట్టె, దానికి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. మన డ్వాక్రాకి వెనక బ్యాంకు ఉంటుంది, వీళ్ళకి పెట్టె ఒక్కటే. వాళ్ళు వేసిన డబ్బే వాళ్ళు అప్పు తీసుకుంటారు, ఏడాది చివర వడ్డీతో సహా పంచుకుంటారు. ఆ పంపకం సరిగ్గా విత్తనం, ఎరువు కొనే వేళకి వచ్చేలా లెక్క పెట్టుకున్నారు. ఫ్రెడ్డీలో పెట్టె ఏమైందని అడిగాను. దాన్ని నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కిన మనిషి అక్కడే కూర్చుని ఉంది, మేకపిల్లని పోగొట్టుకుని పెట్టెని తెచ్చిందట. మేకపిల్ల కథ చెప్పినప్పుడు అందరూ నవ్వారు, ఆమె తప్ప.

చాట ఇచ్చినామె ఇంట్లో మధ్యాహ్నం భోజనం. రోలు పేరు మ్తోండో, రోకలి పేరు ముసి. మూసీ నది పుట్టిన జిల్లా దాన్ని, నవ్వాపుకోలేకపోయా. వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడి ఆకు కూర, ఉడికించిన నందోలో, పైన టమాటా, ఉప్పు. పోపు లేదు, పసుపు లేదు, చింతపండు లేదు. పొట్టు తీయని కంది, గుగ్గిళ్ళలా. పొయ్యిలో మండుతున్నది కూడా కందికట్టె. అడవికి కట్టెలకి పోయే తిప్పలు మూడు నెలలు తప్పుతాయంది. గింజ నోటికి, ఆకు నేలకి, కట్టె పొయ్యికి.

అప్పుడడిగాను, కరువు ఏడాది ఎలా గడిచిందని. మొక్కజొన్న నాలుగు బస్తాలే వచ్చింది, నందోలో కూడా తగ్గింది గానీ వచ్చింది, జనవరి, ఫిబ్రవరి దాకా రోజూ ఒక పూట అదే తిన్నాం అంది. వీళ్ళ కష్టకాలం డిసెంబర్ నుంచి మార్చి, పొలం పచ్చగా ఉంటుంది, గాదె ఖాళీగా ఉంటుంది. తిండి లేనివాళ్ళు అప్పుడు గాన్యుకి, అంటే పరాయి పొలాల్లో కూలికి పోతారు. సరిగ్గా అదే సమయంలో సొంత పొలంలో కలుపు తీయాలి. పరాయి పొలంలో కలుపు తీసి ఆ పూట తింటారు, సొంత పొలం కలుపుకి పోతుంది, వచ్చే ఏడు మళ్ళీ గాన్యు. ఇంట్లో రెండు బస్తాల నందోలో ఉంటే ఆ నెలల్లో సొంత పొలంలో ఉండొచ్చు, అంతే తేడా. ఎరువులు, వంగడాలు, వాతావరణం అని వారం నుంచి వింటున్న మాటలన్నీ నాకు ఆ రెండు బస్తాల చుట్టూ సర్దుకున్నాయి.

2017 సంగతి నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. నేను అమ్వెన్యే, అంటే ఇండియా మనిషిని కదా. "మీ వాళ్ళు ఆ ఏడు ఎందుకు కొనలేదు?"

ఏం చెప్పను. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 రూపాయలైంది. హడావుడిగా 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం, ఎంత పండిస్తే అంత కొంటామన్న కబురు ఈ ప్రాంతమంతా పాకింది. అందరూ కంది పెంచారు. ఇటు మనవాళ్ళూ పెంచారు, మద్దతు ధర క్వింటాలుకి 5,050 ఉంటే మార్కెట్లో నాలుగు వేలు రావడం గగనమైంది, నాయన మూడు రాత్రులు తాండూరు యార్డులో సంచుల మీద పడుకున్నాడు. 2017 ఆగస్టులో, ఇక్కడ కోతల మధ్యలో, ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది, దిగుమతి రెండు లక్షల టన్నులు దాటకూడదని. ఇక్కడ ధర కుప్పకూలింది. ఆమె సంచి సైకిల్ మీద పెట్టి తీసుకుపోతే కొనేవాడు లేక అదే సైకిల్ మీద వెనక్కి తెచ్చుకుందట. "పారేయలేదు కదా, తిన్నాం" అంది.

నాయన యార్డులో పడుకున్న సంగతి చెప్పాను. మ్లంగిజి చిచేవాలో చెప్తుంటే ఆమె మధ్యలో ఆపి, "మీ నాన్న కూడా వెనక్కి తెచ్చుకున్నాడా?" అంది. లేదు, వచ్చిన ధరకి అమ్మేశాడు, ఇంట్లో అప్పులవాడు కూర్చుని ఉన్నాడు అన్నాను. ఆమె పళ్ళెంలో ఇంకో న్సిమా ముద్ద వేసింది, వద్దన్నా.

ఎనిమిదో రోజు, ఆగస్టు 20

లింబే, అన్న మిల్లు. వదిన పచ్చిపులుసు చేసింది, వారం తర్వాత చింతపండు తగిలేసరికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిల్లు మామూలే, తాండూరులో చూసిందే, పొట్టు గీకడం, నూనె పట్టించి ఆరబెట్టడం, బద్ద చేయడం. సంచులు బెయిరా, నకాలా రేవులకి పోతాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మన కొత్త కంది ఇంకా రాదు, పాతది అయిపోతుంటుంది, వీళ్ళది సరిగ్గా ఆ ఖాళీలో దిగుతుంది. 2021 నుంచి దిగుమతికి మళ్ళీ గేట్లు తెరిచారు, ఆ ఏడాదే మలావీతో ఏడాదికి 50,000 టన్నుల ఒప్పందం కూడా చేసుకున్నారు, దాని గడువు 2025–26 దాకా. తర్వాత ఏమిటని అడిగితే అన్న పైకి చూశాడు.

గేటు దగ్గర సరుకు తెచ్చేది రైతులు కాదు, చిన్న వ్యాపారులు. ఊళ్ళో కాటా ఎంత తూగుతుందో, ఇక్కడ కాటా ఎంత తూగుతుందో, మధ్యలో తేడా ఎవరి జేబులోకో మన వాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. నేరుగా ఆ వరండా బ్యాంకు ఆడవాళ్ళ దగ్గరే కొనొచ్చు కదా, పాతికమంది కలిస్తే ఒక లారీ అవుతుంది అన్నాను. "నువ్వు మీ సంఘంలో చేసే పనే చెప్తున్నవ్" అన్నాడు అన్న. అవును మరి. "ఓనరుకి చెప్పి చూస్త" అన్నాడు, చెప్పే గొంతు కాదు అది. గొడవ పడ్డాం కాసేపు, వదిన మజ్జిగ తెచ్చి ఆపింది.

తొమ్మిదో రోజు, ఆగస్టు 21, ఆ తర్వాత ఇల్లు

బ్లాంటైర్ ఎయిర్‌పోర్టు నుంచి తిరుగు ప్రయాణం, చెప్పడానికేం లేదు, నిద్రపోయాను.

ఇంటికొచ్చాక నాయన మొదట అడిగింది, "గింజ తెచ్చినవా?"

"తేవద్దన్నరు నాయనా."

ఫోన్ తీసుకుని కాయ ఫొటో పెద్దది చేసి, అద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటి లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మన కాయకి నాలుగు, మహా అయితే ఐదు. చాట పట్టుకున్నామె ఫొటో దగ్గర ఆగాడు. సైకిల్ సంగతి, యార్డు సంగతి, ఆమె అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పాను. ఏమీ అనలేదు. మేకల సంగతి చెప్తే మాత్రం "అది మనకూ ఉంది" అన్నాడు.

కాసేపాగి, "ఈ ఏడు ఆమెకి కిలోకి ఎంత ఇచ్చిన్రు?"

మలావీ డబ్బు క్వాచాలని రూపాయలు చేసి చెప్పాను. నాయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నకి ఫోన్ కలుపు."